ఇద్దరు దుర్గాప్రసాదులు

రొంపిచెర్ల దగ్గర కంకర క్వారీలో టిప్పర్ తోలే దుర్గాప్రసాద్‌కు తన పేరు వింటేనే ఒళ్ళు మంట. అదే పేరున్న ఇంకొకడు ఎమ్మెల్యే అయి కూర్చున్నాడు మరి. ఇద్దరూ నరసరావుపేటలో ఒకే తరగతిలో చదివినవాళ్ళే. ఇంటిపేర్లు వేరైనా మొదటి అక్షరం ఒకటే. పరుగు పందెంలో ఎప్పుడూ గెలిచేది మన టిప్పర్ దుర్గాప్రసాదే.

ఆ నియోజకవర్గానికి ఒక అలవాటుండేది. ఒకసారి నెత్తినెక్కించుకున్నవాణ్ణి మరుసటిసారి ఇంటికి పంపించేది. అలాంటిచోట వరసగా రెండుసార్లు గెలిచిన మొదటివాడు ఆ రెండో దుర్గాప్రసాదే. "దుర్గన్న నాయకత్వం వర్ధిల్లాలి!" అని జనం అరుస్తుంటే ఇతనికి గుండెలో కారం చల్లినట్టుండేది. తనను మాత్రం క్వారీలో అందరూ "ఒరేయ్ దుర్గా" అనే పిలుస్తారు.

మూడోసారి ఎన్నికలు వచ్చినప్పుడు ఎదుటి పార్టీ మండల నాయకుడు యోబు ఇంటికొచ్చాడు.

"ఇండిపెండెంటుగా నామినేషన్ వెయ్యి దుర్గా. పేరొకటే గదా, జనం పొరబడి కాసిని ఓట్లు నీకు గుద్దితే చాలు, మేం గెలుస్తాం."

భార్య కోటేశ్వరి వంటింట్లోంచి వచ్చింది. "ఏందయ్యా ఇది? ఆయన నీకేం అపకారం చేశాడని?" అంది మొగుడితో.

ఏ అపకారమూ చేయలేదు. ఆ మాట పైకి అనలేక దుర్గాప్రసాద్ మర్నాడే వెళ్ళి నామినేషన్ వేసొచ్చాడు.

ఎమ్మెల్యే ఆరువందల ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఇతనికి రెండువేలకు పైగా పడ్డాయి. అన్నివేలమంది తనను కోరుకున్నారని మీసం దువ్వుకుంటూ తిరిగాడు. చివరికి టీకొట్టు దగ్గర పొరుగింటి ముసలమ్మ ఎల్లమ్మ ఎదురైంది.

"నీ మొహం చూసి ఎవరేశార్రా? నా కళ్ళు సరిగా ఆనక, మా దుర్గన్నే అనుకుని నీ మీట నొక్కా. ఆ బాబు ఓడాడని చానా ఏడ్చా."

ఆ ఓట్లూ వాడివేనా! దుర్గాప్రసాద్ మీసం మీంచి చెయ్యి తీసేశాడు. గెలిచినా ఓడినా జనం గుండెల్లో ఉన్నది వాడే.

తర్వాతి ఎన్నికలకు యోబు మళ్ళీ వచ్చాడు. ఈసారి బ్యాలెట్ మీద తన పేరు "టిప్పర్ దుర్గ" అని ఉండాలన్నాడు దుర్గాప్రసాద్.

"అట్టయితే ఎవుడు పొరబడతాడు? మాకేంది లాభం?" అంటూ యోబు లేచి వెళ్ళిపోయాడు.

అయినా ఇతను ఆ పేరుతోనే నిలబడ్డాడు. పని మానుకుని గడప గడపకూ వెళ్ళి దండం పెట్టాడు. మాజీ ఎమ్మెల్యే భారీ మెజారిటీతో తిరిగి గెలిచాడు. ఇతనికి సొంత ఊరి బూత్‌లో కూడా పదకొండు ఓట్లే పడ్డాయి.

విజయోత్సవ ఊరేగింపు నకరికల్లు రోడ్డు మీద ఇతని టిప్పర్‌కు ఎదురొచ్చింది. పూలదండల్లో మునిగిన ఎమ్మెల్యే ఇతనికేసి చూశాడు, గుర్తుపట్టలేదు. "ఆ బండి పక్కకి తియ్యమను" అన్నాడు పక్కవాడితో.

దుర్గాప్రసాద్ బండి మార్జిన్‌లోకి దించాడు. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చున్నాడు.

"ఏమే, ఆ పదకొండులో నేను పోను మిగతా పదిమందీ ఎవరయ్యుంటారే?" అన్నాడు.

"ఒకటి నాది" అంది కోటేశ్వరి, కూర వడ్డిస్తూ. "మిగతావాళ్ళెవరో నాకేం ఎరుక?"

మర్నాడు క్వారీకి వెళ్తూ, ఊళ్ళో ఎదురైన ప్రతి మనిషి మొహంలోకీ ఆశగా చూశాడు దుర్గాప్రసాద్.