కూతురికి పెద్దమ్మ

ఓడలో అందరూ ఆమెను ఇస్త్రీ అక్క అనేవారు. అది ప్రయాణికుల ఓడ. అడుగున, ఇంజను గదిని ఆనుకుని ఉన్న కిటికీ లేని గదిలో ఆమె పని. అధికారుల తెల్లచొక్కాలు, పడకల దుప్పట్లు, బల్లల మీద పరిచే గుడ్డలు అన్నీ ఆమె చేతి మీదుగానే పైకి వెళ్లేవి. గంజి ఎక్కువైతే కాలరు మెడ కోస్తుందని, తక్కువైతే మధ్యాహ్నానికే వాడిపోతుందని కొత్తగా చేరినవాళ్లకు నవ్వుతూ నేర్పేది. మనిషి మాటకారి. వేడికి అరచేతులు బొబ్బలెక్కినా దాన్నీ నవ్వులాట చేసేది.

ఇంటి దగ్గర భర్త బస్సు డిపోలో మెకానిక్కు. రెండేళ్ల కూతురు. ఆమె ఓడ ఎక్కినప్పుడల్లా పాపను చూసుకోవడానికి చెల్లెలు వచ్చి ఉండేది. ఆఖరిసారి బయల్దేరేటప్పటికి పాప నిద్రలో ఉంది. లేపితే ఏడ్చి రాగం తీస్తుందని లేపలేదు. కాలివేళ్లు నిమిరి, చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా గడప దాటింది.

ఆ ప్రయాణంలో తుఫాను వచ్చి ఓడ మునిగింది. ఊడిన తలుపు చెక్కను కావలించుకుని తేలుతున్న ఆమెను ఒక చేపల పడవ వాళ్లు పైకి లాగారు. వాళ్లది వేరే దేశం, వేరే భాష. తానెవరో చెప్పుకోవడానికి ఆమె దగ్గర చిన్న కాగితం ముక్క కూడా లేదు. అక్కడి పోలీసులు ఆమెను దిక్కూ దివాణం లేని పరాయివాళ్లను ఉంచే ఒక ఆశ్రమంలో పెట్టారు. చెప్పింది ఎవరికీ అర్థం కాదు. రాసిన ఉత్తరాలు గేటు దాటాయో లేదో తెలియదు. ఏళ్లు అలాగే దొర్లిపోయాయి.

అక్కడా బట్టల పనే దొరికింది. పక్కనే ఉన్న బడి పిల్లల దుస్తులు ఉతకడానికి వచ్చేవి. మడతపెట్టేటప్పుడు ఒక గౌను తీసి ఎదురుగా పట్టుకుని, ‘ఇప్పటికి నా పిల్లకు ఇది సరిపోతుంది’ అనుకునేది. మరుసటి ఏడు ఇంకాస్త పొడుగుది తీసేది. కూతురి ముఖం మసకబారిపోతున్నా, కొలత మాత్రం ఆమె కళ్లలో పెరుగుతూనే ఉండేది.

చివరికి తెలుగు వచ్చిన ఒక నర్సు ఆ ఆశ్రమానికి బదిలీ అయి వచ్చింది. ఇస్త్రీ అక్క ఆమె చెయ్యి పట్టుకుని, గొంతు ఎండిపోయేదాకా మాట్లాడింది. ఆ నర్సే ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, ఆమె ఇల్లు చేరే దారి చూసింది.

ఇంటి తలుపుకి రంగు మారింది. తీసింది చెల్లెలు. చేతిలో గరిటె, కొంగు పట్టుకుని ఒక పసివాడు. “అక్కా” అని ఒక్కమాట అని గడపలోనే కూలబడింది. గోడ మీద ఫోటోలో భర్త, చెల్లెలు పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఇక ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఓడలో ఎవరూ మిగల్లేదన్నారు. శవం దొరకకపోయినా, ఏడేళ్ల గడువు చూసి, ఆమె చనిపోయినట్టేనని కోర్టు తేల్చింది. ఆ తర్వాతే ఆ పెళ్లి జరిగింది. పాప అప్పటికే పిన్నిని అమ్మా అని పిలుస్తోంది. పెద్దయ్యాక చెబుదామనుకున్నారు, నోరు రాలేదు.

లోపలి గదిలోంచి రెండు జడల పిల్ల వచ్చింది. “ఎవరమ్మా?” అని చెల్లెల్ని అడిగింది.

చెల్లెలు గడప పట్టుకుని లేవబోయింది. ఇస్త్రీ అక్కే అందుకుంది. “మీ అమ్మకి అక్కనమ్మా. నీకు పెద్దమ్మని.”

“అమ్మకి అక్కుందా? నాకెవరూ చెప్పనేలేదే!”

“దూరంగా ఉండిపోయాన్లే.”

సాయంత్రం భర్త వచ్చి గేటు దగ్గరే కొయ్యబారిపోయాడు. “నీ కోసం చాలా ఏళ్లు చూశాను” అన్నాడు తల వంచుకుని.

“మిమ్మల్ని నేనేమైనా అన్నానా? ముందు ఆ చేతులు కడుక్కోండి. చొక్కా నిండా గ్రీజే” అంది. అతను నవ్వబోయి ఏడ్చాడు.

ఆమె రెండు వీధుల అవతల చిన్న గది తీసుకుంది. గుర్తింపు కార్డు కోసం మునిసిపల్ ఆఫీసుకి వెళ్తే గుమాస్తా వివరాలు చూసి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

“మీరు చనిపోయారమ్మా.”

“ఎదురుగా నిలబడ్డాను కదయ్యా!”

“నాకు కనిపిస్తున్నారు. ఆఫీసుకి కనిపించడం లేదు.”

లాయరు ఇంకో చిక్కు చెప్పాడు. ఆమె బతికే ఉందని కోర్టు ఒప్పుకుంటే, చెల్లెలి పెళ్లి చెల్లకుండా పోతుంది. పసివాడి సంగతీ తగాదాల్లోకి వస్తుంది. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. “అయితే వద్దులెండి. చచ్చినదాన్నిగానే ఉంటాను” అని లేచి వచ్చేసింది.

ఒక హోటలు వెనక బట్టల గదిలో పని కుదిరింది. కాగితాలు అడగనందుకు యజమాని జీతంలో కోత పెట్టాడు, ఆమె ఒప్పుకుంది. బడి దుస్తులు ఇస్త్రీ చేయించుకునే వంకతో పిల్ల తరచూ ఆమె గదికి వచ్చేది. మంచం మీద బాసింపట్టు వేసుకుని టీచర్లను అనుకరించేది, స్నేహితురాలితో వచ్చిన పోట్లాట చెప్పేది. “మా అమ్మ కూడా నీలాగే నవ్వుతుంది పెద్దమ్మా” అనేది. పిల్ల వెళ్లాక, ఆ మంచం మీద ముడతపడిన దుప్పటిని ఆమె చాలాసేపు సరిచేసేది కాదు.

అమ్మా అన్న పిలుపు వీధిలో ఎక్కడ వినిపించినా ఆమె తల తిరిగేది. పిలిచింది తనను కాదని తెలిసీ తిరిగేది.

పిల్ల పైక్లాసులకు వచ్చిన ఏడు ఆమెకు విషజ్వరం తగిలింది. ఆసుపత్రిలో చేర్చుకోవాలంటే కార్డు కావాలన్నారు. చెల్లెలు తన కార్డు ఇచ్చి, తన పేరుతోనే చేర్పించింది. పొద్దున నర్సు వచ్చి ఆ పేరుతో పిలిస్తే మంచం మీది అక్క, పక్కన కూర్చున్న చెల్లెలు ఇద్దరూ “ఆఁ” అన్నారు. అక్క నవ్వింది. చెల్లెలు నవ్వలేదు.

“నీ మొగుణ్ని తీసుకున్నాను. నీ పిల్ల చేత అమ్మా అనిపించుకున్నాను. ఇప్పుడు నా పేరు కప్పుకుంటే గానీ నీకు మందు కూడా లేదా అక్కా?”

“తీసుకోవడమేంటే? నువ్వు లేకపోతే ఆ పిల్ల ఏమైపోయేది?”

“అదంతా నాకు తెలీదు. నువ్వు బతికున్నావని నేనే వెళ్లి చెప్తాను.”

చెప్పింది. ముందు ఇంట్లో కూతురికి, తర్వాత కోర్టులో జడ్జిగారికి. లాయరు తల పట్టుకుని, చివరికి ఒక దారి వెతికాడు. మొదట కాగితాల మీద ఆమెను బతికించడం, తర్వాత ఇద్దరి ఇష్టంతో విడాకులు, ఆ తర్వాత రిజిస్ట్రారు ముందు చెల్లెలికి మళ్లీ పెళ్లి. ఆ పెళ్లికి సాక్షిగా ఇస్త్రీ అక్కే వెళ్లింది.

“వధువుకి మీరేమవుతారు?” అన్నాడు రిజిస్ట్రారు.

“అక్కని.”

“వరుడికి?”

“మొన్నటిదాకా పెళ్లాన్ని.”

ఆయన కలం పక్కన పెట్టి ఒకసారి అందరి ముఖాలూ చూశాడు. ముగ్గురూ నవ్వు ఆపుకోలేకపోయారు. బతికిన మనిషిగా ఆమె చేసిన మొదటి సంతకం అదే. అక్షరాలు వంకర పోయాయి. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని, ఏడుపొస్తే కొంగు అడ్డం పెట్టుకుంది.

కూతురు మాత్రం అక్కడికి రాలేదు. నిజం తెలిసిన రోజు నుంచి ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. ఇస్త్రీకి బట్టలు కూడా పంపలేదు. ఇస్త్రీ అక్క తనంతట తాను వెళ్లలేదు. పొద్దున్నే బడి వేళకు గది ముందు నీళ్లు చల్లుతూ, అటు వెళ్లే పిల్లల మధ్య రెండు జడల కోసం చూసేది. పిల్ల అవతలి వైపు నుంచి తల వంచుకుని వెళ్లిపోయేది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో బట్టలేం లేవు. మంచం చివర కూర్చుని గోడ వంక చూస్తూ, “నిన్ను ఏమని పిలవాలో నాకు తెలీట్లేదు” అంది.

“అలవాటైనట్టే పిలువమ్మా. నేను పలుకుతాను.”

పిల్ల జడ కొసను వేలికి చుట్టుకుంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. “నేను పుట్టినప్పుడు ఎలా ఉన్నాను? అమ్మనడిగితే, తను అప్పుడు అక్కడ లేనంది.”

ఇస్త్రీ అక్క స్విచ్చి తీసేసి, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కూతురి ఎదురుగా నేల మీద కూర్చుంది.

“ఆ రోజు వాన,” అని మొదలుపెట్టింది. “నువ్వేమో ఎంతకీ ఏడవలేదు. అందరూ కంగారు పడిపోతుంటే, కళ్లు తెరిచి నావైపు చూసి ఆవులించావు...”