చింతపండుతో తోమిన బ్యాడ్జీ

మూతబడిన ఫ్యాక్టరీల బ్యాడ్జీలు ఏరుకోవడం కూడా ఒక పిచ్చే అని నాకు ఈమధ్య దాకా తెలియదు. ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే అతనికి ఆ పిచ్చి ఉంది. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి హోసూరు వచ్చాడు. మనిషి మంచివాడే. కాఫీ తెచ్చుకుంటే నాకూ ఒక కప్పు తెస్తాడు. కానీ వారాంతం వచ్చిందంటే సిప్‌కాట్ ఫ్యాక్టరీల పేట చుట్టుపక్కల పాత ఇనుము కొట్లన్నీ తిరిగి, ఎప్పుడో మూసేసిన కంపెనీల బ్యాడ్జీలు వెతుకుతాడు. వాటిని అతను పిన్నులంటాడు. చొక్కాకు పెట్టుకునేదాన్ని మా ఇంట్లో బ్యాడ్జీ అనే అంటాం.

"అన్ని పిన్నులూ ఒకటి కాదండీ," అని ఒకరోజు కాఫీ తాగుతూ నాకు పాఠం మొదలుపెట్టాడు. "తక్కువ చేసినవి కావాలి. చేసిన కంపెనీ మూతబడాలి. వెనక తయారుచేసినవాళ్ళ ముద్ర ఉండాలి. ఎనామిల్ మీద గీత ఉండకూడదు. మొదట ఇచ్చిన అట్ట దానికే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ పెట్టుకోకూడదు."

"పెట్టుకోడానికి చేసినదాన్ని ఎవరూ పెట్టుకోకుంటే ఎక్కువ విలువా?" అన్నాను.

"అదేనండీ మజా," అన్నాడు. "ఇంకొకటుంది. ఇచ్చి వెనక్కి తీసుకున్న పిన్నయితే ఇక చెప్పక్కర్లేదు. జనం ఎగబడతారు."

అలా ఎగబడే పిన్ను ఒకటి ఈ జిల్లాలోనే ఉందని ఫోనులో బొమ్మ చూపించాడు. ఆకుపచ్చ ఎనామిల్‌తో విప్పిన అరచెయ్యి, అయిదు వేళ్ళూ చక్కగా విడివిడిగా. చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు, ప్రమాదం లేని సంవత్సరం అని. "ఆకుపచ్చ రంగు తప్పు పడిందట. అందుకని కంపెనీవాళ్ళు పంచిన మరునాడే వెనక్కి తీసేసుకున్నారు. బయట మిగిలినవి చాలా తక్కువ," అన్నాడు.

నేను చేతిలో కప్పు బల్లమీద పెట్టేశాను. ఆ బ్యాడ్జీ మా ఇంట్లో ఉంది. సూళగిరిలో, మా అమ్మ పసుపు కుంకుమ పెట్టుకునే డబ్బాలో ఉంది. రంగు తప్పట!

మా నాయన ఆ ఫ్యాక్టరీలో ప్రెస్సు నడిపేవాడు. రేకులు అచ్చు వేసే పెద్ద మిషను. చెయ్యి లోపల ఉంటే అచ్చు కిందికి దిగకుండా ఆపడానికి దానికి ముందుపక్క ఒక అడ్డు ఉండాలి. పని మెల్లగా సాగుతోందని ఆ అడ్డు ఊడదీయించారు పెద్దలు. అడ్డు లేకుండానే పని చేయించి, ఏడాదంతా ఎవరికీ ఏమీ కాలేదని గొప్పలు పోయి, పొద్దున షిఫ్టులో అందరినీ వరసగా నిలబెట్టి, అరచేతి బొమ్మ బ్యాడ్జీ చొక్కాలకు పెట్టి చప్పట్లు కొట్టారు. లడ్డూలు కూడా పంచారు. ఆ మధ్యాహ్నమే అచ్చు మా నాయన కుడిచేతి మీద దిగింది. రెండు వేళ్ళు పోయాయి. మిగిలినవాటిలో బొటనవేలు ఒక్కటే వంగుతుంది.

మరునాడు పొద్దున గేటు దగ్గర ఒక అట్టపెట్టె పెట్టి, వచ్చినవాళ్ళందరి బ్యాడ్జీలూ విప్పించి అందులో వేయించుకున్నారు. ఆసుపత్రికి చూడ్డానికి వచ్చిన నాయన తోటివాళ్ళే ఈ సంగతి చెప్పారు. నాయన బ్యాడ్జీ మాత్రం పెట్టెలో పడలేదు. అది రక్తం అంటిన చొక్కాకే ఉంది. అమ్మ ఆ చొక్కా ఉతుకుతుంటే చేతికి తగిలింది.

ఆ తరవాత కంపెనీ నుంచి ఒక్కడైనా వచ్చి, "మీకు జరిగినదానివల్లే వాటిని వెనక్కి తీసుకున్నాం" అని అన్నాడా? లేదు. నాయనే అజాగ్రత్తగా ఉన్నాడన్నారు. ప్రెస్సు నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టారు. కొన్నాళ్ళకు ఫ్యాక్టరీయే మూసేసి పోయారు. ఇప్పుడు ఆ షెడ్డులో ఎవరివో అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి. నాయన సూళగిరిలో కౌలుకు నేల తీసుకుని కొత్తిమీర వేస్తున్నాడు. ఎడంచేత్తో కట్టలు కట్టడం నేర్చుకున్నాడు. నాకంటే గట్టిగా కడతాడు.

ఏటా ఆయుధపూజకు మాత్రం ఆ బ్యాడ్జీ బయటికి వస్తుంది. మా ఇంట్లో ఆ రోజు కొడవలి, పార, నాయన పాత స్పానర్లు, నా కంప్యూటరు, అన్నీ పూజకు కూర్చుంటాయి. అమ్మ ముందురోజే ఇత్తడి సామాను తోమేటప్పుడు బ్యాడ్జీని కూడా చింతపండు, ఉప్పు వేసి తళతళలాడేట్టు తోముతుంది. గంధం పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, స్పానర్ల పక్కన ఉంచుతుంది. పూజ అయ్యాక నాయన దాన్ని చొక్కాకు పెట్టుకుని, వీధిలో అందరికీ బొరుగులు, పప్పులు పంచి వస్తాడు. ఎందుకు పెట్టుకుంటాడో నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. వాళ్ళు విప్పించుకోలేకపోయిన బ్యాడ్జీ అదొక్కటే కదా. ఆయన పంతం ఆయనది.

దాని వెనక మొనకు తగిలించే చిన్న బిళ్ళ ఆ చొక్కా ఉతికిన రోజే ఎక్కడో పోయింది. ఉన్నా, అంత చిన్నది నాయన వేళ్ళకు పట్టేది కాదు. అందుకని మా వీధిలో నగలు చేసే ఆచారి చేత ఒక పిన్నీసు అతికించుకున్నాడు. దాన్నయితే ఎడంచేత్తో తనే పెట్టుకోగలడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి జరిగింది చెప్పాను. నాయన కొత్తిమీర కట్టలమీద నీళ్ళు చిలకరిస్తున్నాడు. చెయ్యి ఆగిపోయింది.

"రంగు తప్పంటనా?"

"అవును నాయనా. అట్లనే చెప్పుకుంటా ఉండారంట అందరూ."

"ఎవరు చెప్పింది?"

"ఎవరో ఆ కంపెనీ ఆయనే చెప్పినాడంట. ఆదివారం హోసూర్లో ఈ పిన్నులు ఏరుకునేవాళ్ళ కూటం ఉంది. ఆయనా వస్తాడంట."

"అయితే నేనూ వస్తాను పాపా," అన్నాడు. "ఆ బ్యాడ్జీలు ఎందుకు ఎనక్కి తీసుకున్న్యారో ఒకరన్నా నా మొగం చూసి చెప్పల్ల. నాకు ఇంకేమీ వద్దు."

ఇన్నేళ్ళలో ఆయన తనకంటూ ఏదైనా కావాలని అడగడం నేను వినలేదు. ఆదివారం పొద్దున్నే అమ్మ బ్యాడ్జీని మళ్ళీ ఒకసారి చింతపండుతో తోమింది. పదిమందిలోకి పోయేటప్పుడు మురికిగా ఉంటే బాగుంటుందా అని. నాయన తెల్లచొక్కా వేసుకున్నాడు. బస్సులో హోసూరు పోయాం.

బస్టాండు దగ్గరి హోటల్లో పైహాలు. బల్లలమీద నల్లగుడ్డలు పరిచి, గాజు మూతల పెట్టెల్లో పిన్నులు పెట్టుకుని కూర్చున్నారు. తలా ఒక భూతద్దం. మా ఆఫీసతను పరుగెత్తుకొచ్చి, "రండి బాబాయిగారూ," అని నాయనకు కుర్చీ వేశాడు. ఆ పిన్ను వచ్చిందని ఎవరో అనేసరికి మూలమూలల నుంచి లేచి వచ్చి మా చుట్టూ మూగారు.

నాయన కుడి అరచేతిలో బ్యాడ్జీ పెట్టి చాపాడు. కావాలనే ఆ చెయ్యి చాపాడు, నాకు తెలుసు. ఒక పెద్దమనిషి వంగి భూతద్దం పెట్టి చూశాడు. చూసి, ఇంట్లో చావు కబురు విన్నట్టు ముఖం పెట్టాడు.

"అయ్యయ్యో. ఎవరండీ దీన్ని తోమింది?"

"మా అమ్మ," అన్నాను.

"తోమకూడదమ్మా! పైపూత అంతా పోయింది. అంచులు చూడండి, ఇత్తడి తేలింది. ఈ సందులో ఎర్రగా ఏమిటిది?"

"కుంకుమ."

"కుంకుమా!" అన్నాడు పక్కనున్నాయన. బ్యాడ్జీని తిరగేశాడు. "వెనక ఈ పిన్నీసేమిటి? ఒరిజినల్ క్లచ్, ఆ బిళ్ళ ఏది? ముద్ర మీదే అతికించేశారే. ప్చ్. పాడుచేశారు."

పాడుచేశారట. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకరి తరవాత ఒకరు వంగి చూస్తున్నారు. ఎనామిల్ చూశారు, అంచు చూశారు, పిన్నీసు చూశారు. అది ఉన్న చెయ్యి మాత్రం ఒక్కరి కంటికీ ఆనలేదు. అంతంత పెద్ద భూతద్దాలు ఉండి కూడా!

"మంచిదొకటి చూపిస్తాను రండి," అని ఆ పెద్దమనిషి మమ్మల్ని చివరి బల్ల దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ, నీలం మఖమలు గుడ్డ పరిచిన పెట్టెలో, అదే అరచెయ్యి. గీత లేదు, మచ్చ లేదు. అచ్చువేసిన అట్ట దానికే ఉంది. పక్కన చిన్న కాగితం మీద రాసి ఉంది: "రంగు తప్పువల్ల ఉపసంహరించుకున్నది. ఎవరూ ధరించనిది."

బల్ల వెనక కూర్చున్న ముసలాయన్ని నాయన చూస్తూనే గుర్తుపట్టాడు. చెప్పులు విప్పబోయి, ఆగాడు.

"సార్, బాగుండారా?"

ఆయన తేరిపార చూశాడు. "ఏమప్పా, ప్రెస్ షాపు కదా నువ్వు? బాగుండావా?"

ఆయన ఆ ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలు చూసిన ఆఫీసరు. గేటు దగ్గర అట్టపెట్టె పెట్టించింది ఈయనే. ఆ రోజు పంచగా మిగిలిన బ్యాడ్జీలు ఏమయ్యాయో నాకు అప్పుడు తెలిసింది. వాటిని అట్టలతో సహా, చక్కగా, ఎవరి చెమటా తగలకుండా ఇంటికి తీసుకుపోయాడు. అలా దాచినవాడి బ్యాడ్జీ మచ్చలేనిదట. వేళ్ళు పోగొట్టుకున్నవాడిది పాడైపోయిందట!

"సార్, రంగు బాగానే ఉండె కదా?" అన్నాడు నాయన. గొంతు పెంచలేదు. "ఎందుకు సార్ ఎనక్కి తీసుకున్న్యారు? మీరు ఒక్క మాట చెప్పండి."

"పాత సంగతులు ఇప్పుడు ఎందుకప్పా? ఇది ఏదో హాబీ," అని ఆయన నవ్వి, పక్కవాళ్ళవైపు తిరిగాడు.

నేనిక పట్టలేకపోయాను. హాలంతా వినబడేట్టు మొదటినుంచి చెప్పాను. అడ్డు ఊడదీయడం, లడ్డూలు, చప్పట్లు, మధ్యాహ్నం, గేటు దగ్గర పెట్టె. నాయన మణికట్టు పట్టుకుని పైకెత్తి, "ఇదండీ మీ రంగు తప్పు!" అన్నాను. ఏడుపు కూడా వచ్చింది, దాచుకోలేదు. ఆఫీసరు మఖమలు గుడ్డ మడతలు సర్దుతూ కూర్చున్నాడు.

అందరూ భూతద్దాలు కిందికి దించారు. సిగ్గుపడ్డారనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

"అయితే అసలు పీసు ఇదేనండీ!" అన్నాడు ఇందాకటి పెద్దమనిషి. కళ్ళు మెరుస్తున్నాయి. "ఆ మనిషిదే ఆ పిన్ను. దీని వెనక కథ ఉంది. తోమినా ఫరవాలేదు." "పిన్నీసు కూడా కథలో భాగమే కదా," అన్నాడు పక్కాయన. అమ్ముతారా అని ఒకరు, కనీసం ఒక ఫొటో అని ఇంకొకరు. "పెద్దాయనా, పిన్ను ఆ చేతిలోనే పెట్టుకోండి. కొంచెం ఇటు తిప్పండి. ఆ వేళ్ళు... అదే, ఆ చోటు కనబడాలి." అప్పటిదాకా ఎవరికీ కనబడని చెయ్యి ఇప్పుడు అందరికీ కావలసి వచ్చింది. మా ఆఫీసతను మాత్రం తన ఫోను జేబులో పెట్టేసుకుని తల వంచుకున్నాడు.

నాయన చెయ్యి ముడుచుకున్నాడు.

బ్యాడ్జీని ఎడంచేతిలోకి తీసుకుని, పిన్నీసు విప్పి, చొక్కా జేబు మీద పెట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను సాయం పోలేదు. ఆయనకు ఇష్టముండదు. కుడి బొటనవేలితో బట్టను అదిమిపట్టి, ఎడంచేత్తో గుచ్చి, మెల్లగా నొక్కాడు.

పెట్టుకోవడం అయ్యాక ఆఫీసరువైపు తిరిగాడు.

"సార్, మీదీ పెట్టుకోండి."

ఆయనకు అర్థం కాలేదు. "ఏమప్పా?"

"మీ బ్యాడ్జీ సార్. ఆ అట్టలో నుంచి తీసి, మీ అంగీకి పెట్టుకోండి. పెట్టుకోడానికే కదా మీరు మాకు ఇచ్చింది. మీరు నోటితో చెప్పకపోతే పోయె. ఇద్దరం ఒకసారి పెట్టుకుని నిలబడదాం. అప్పుడు వీళ్ళు ఫొటో తీసుకోనీ."

ఆఫీసరు నాయన చేతిని చూశాడు. అప్పుడే, మొదటిసారి. తరవాత మఖమలు పెట్టెను చూసుకున్నాడు. అట్టమీద బ్యాడ్జీ కొత్తగా మెరుస్తోంది. ఆయన చెయ్యి దానివైపు పోయింది. పోయి, పెట్టె మూత వేసింది.

ఆ హాల్లో అంతమంది ఉన్నారు. "పెట్టుకోండి సార్" అని ఒక్కరూ అనలేదు. పెట్టుకుంటే దాని విలువ పోతుంది కదా.