పాలిష్ బండ మీద వరదపాశం

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు, ఫోనులో చార్జింగు ఉంటే చాలు. బేతంచెర్లలో బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో కొత్తగా సూపర్వైజరుగా చేరాను. అంతకంటే పెద్ద పదవి ఇంకొకటుండేది: మా ఊరి వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్‌ని. (ఎవరూ ఎన్నుకోలేదు. గ్రూపు పెట్టింది నేనే కాబట్టి పదవి కూడా నేనే తీసుకున్నాను.) ఊరి పరువు మొత్తం నా బొటనవేలి మీద నిలబడి ఉందని గట్టిగా నమ్మేవాణ్ణి.

మా పక్క వాన ముఖం చాటేసినప్పుడు వరదపాశం పోస్తారు. బియ్యం, బెల్లంతో పాశం వండి కొండమీది బండపై పోస్తే, మగవాళ్లంతా మోకాళ్ల మీద వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, నోటితోనే తినాలి. మా అవస్థ చూసి వానదేవుడు జాలిపడతాడని నమ్మకం. వండే హక్కు మా పెద్దమ్మ ఇంటిది. ఆ ఏడు వేరుశనగ మొలకలు వాడిపోతున్న సమయంలో, ఫోనులోనే వార్తల చానెల్ నడిపే బనగానపల్లె కుర్రాడొకడు మా పాత వీడియో సంపాదించి, "వీళ్లు మనుషులా, గొడ్లా?" అని పేరు పెట్టి వదిలాడు. గరిటె పట్టుకున్న పెద్దమ్మ ముఖం వచ్చినప్పుడల్లా గాడిద ఓండ్ర వినిపించేది. జిల్లా అంతా చూసింది. పెద్దమ్మ పాశం గుండిగ బోర్లించేసి, "ఇంగ నా చేత్తో వండేది లేదు" అని తలుపు వేసుకుంది.

నా రక్తం ఉడికిపోయింది. ఆ కుర్రాడి వంశాన్ని ముత్తాత దగ్గర్నుంచి మొదలుపెట్టి తిడుతూ పెద్ద జవాబు రాశాను. గ్రూపులోకి వదిలే ముందు పెద్దమ్మకు వినిపించి సంతోషపెడదామని పరుగెత్తాను. అప్పటికే మా ఊరి మసీదులో నమాజు చేయించే హజరత్ పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"అమ్మా, మావోళ్లు గూడా వాన కోసం కొండ కింద నమాజు చేస్తామంటాండారు. నువ్వు వండకుంటే ఎట్ల? రెండూ ఒకే దినం పెట్టుకుందాం" అంటున్నాడాయన.

నేను మధ్యలో దూరి నా జవాబు ఆవేశంగా చదివాను. (రెండు చోట్ల గొంతు కూడా వణికించాను.) పెద్దమ్మ మెచ్చుకోలేదు. ఆ వీడియో ఇంకొకసారి పెట్టమంది. కళ్లు చికిలించి చూసి, "బండమీద మేకపెంటికలు కనపడతాండాయి గదరా. దాన్ని గూడా అన్నాడా వాడు?" అంది.

"అన్నాడు. శుభ్రం లేదన్నాడు."

"ఆ మాట నిజమే గదా! నిజం సెప్పినోన్ని తిట్టేదెట్ల? గాడిద కూత పెట్టిన్యాడు సూడు, అది నాకు శానా బాధైంది. ఆ మాట వాని మొగం మీదే అంటా. పిలువు వాన్ని. వస్తే వండతా."

తిట్లు రాసిన చేత్తోనే ఆహ్వానం రాయాల్సి వచ్చింది. ఆ అవమానం తీర్చుకోవడానికి బండ శుభ్రం సంగతి నెత్తికెత్తుకున్నాను. మా ఓనరును బతిమాలి, అద్దంలా మెరిసే పాలిష్ బండలు ట్రాక్టరుకెత్తించి కొండమీద పరిపించాను. ఇక వాడు ఏ వంక పెడతాడో చూద్దామని ధీమాగా తిరిగాను.

కుర్రాడు వచ్చాడు. పెద్దమ్మ వాడికి మంచినీళ్లిచ్చి, "నన్ను గాడిదను సేస్తివి గదప్పా" అంది. వాడు తల దించుకుని, "తప్పైంది పెద్దమ్మా. ఆ వీడియో తీసేస్తాండా" అన్నాడు. అంతే! పెద్ద గొడవ జరుగుతుందని నేను పిలుచుకొచ్చిన స్నేహితులు ఏం చేయాలో తోచక చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు.

కింద నమాజు జరిగినంతసేపూ మావాళ్లు డప్పులు ఆపేశారు. అది ముగిశాక అందరం కలిసి పైకెక్కాం. పెద్దమ్మ గుండిగ వంచింది. అయ్యో, ఏం చెప్పను! నున్నటి బండ, కొండ వాలు, దానికి తోడు సంతోషంలో పెద్దమ్మ ధారపోసిన నెయ్యి. పాశం ఒక్క క్షణం నిలవలేదు, జర్రున జారింది! చేతులు వాడకూడదు కాబట్టి మగవాళ్లంతా మోకాళ్ల మీదే దాని వెంటపడ్డారు. "పట్టండప్పా, పట్టండి!" "యాడ పట్టేది, నోటితోనా!" హజరత్ నవ్వు ఆపుకోలేక టోపీ పట్టుకుని కూలబడ్డాడు. "రేయ్, పాశం పోసేకి బండలేయమంటే జారుడుబండ కట్టినావు గదరా!" అని పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి పాశం పోయి, ఆమె పొద్దున్నే కడిగించిన పాత బండమీద ఆగింది. అందరం అక్కడే తిన్నాం.

నవ్వులు సద్దుమణిగాక, "ఇంగ అందరూ అడగండి" అంది పెద్దమ్మ. కొందరు చేతులు జోడించారు, కొందరు దోసిళ్లు పట్టారు. నేను మాత్రం ఆ కుర్రాడు దొంగచాటుగా వీడియో తీస్తాడేమోనని ఒక కన్ను తెరిచి కాపలా కాశాను. వాడి ఫోను జేబులోనే ఉంది. గడ్డానికి పాశం, మోకాళ్లకు మట్టి. కళ్లు గట్టిగా మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. దిగేటప్పుడు ఏం కోరుకున్నావని అడిగితే, "మా నాయన గూడా శెనక్కాయే ఏసినాడన్నా. ఎండిపోతాండాది" అన్నాడు.

ఆ వారంలోనే వాన పడింది. నాకు మొదట ఫోను చేసింది వాడే. "అన్నా, మాకు గూడా పడతాండాది!" అని ఒకటే అరుపు. ఇప్పుడు తలుచుకుంటే, ఒంటికన్నుతో కొండమీద కాపలా నిలబడ్డ ఆ అడ్మిన్‌ను చూసి నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. అంతమంది వాన అడిగిన ఆ రోజు, అడగడం మరిచిపోయింది నేనొక్కణ్ణే.