కడిగి కడిగి పగిలిన చేతులు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవి. ప్రొద్దుటూరులో నేను నడుపుతున్న చర్మవ్యాధుల క్లినిక్‌కు ఆ నెలల్లో ఎక్కువగా చెమటకాయల వాళ్ళు, తామర వాళ్ళు వస్తారు. ఒకరోజు ఉదయం పెద్దముడియం దగ్గరి పల్లె నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన పేరు వరదాచార్యులు. వాళ్ళ ఊరి చెన్నకేశవస్వామి గుడిలో అర్చకుడు. నలభై దాటిన మనిషి. కుర్చీలో కూర్చున్నాక కూడా రెండు చేతులూ ఉత్తరీయం కిందే ఉంచుకున్నారు.

“చూపించండి. ఈడ గూడా దాచుకుంటే ఎట్లా?” అంది ఆయన భార్య రంగనాయకమ్మ.

చేతులు బయటికి తీశారు. వేళ్ళ వెనక చర్మం బూడిద రంగుకు తిరిగి, నలిపిన పలచటి కాగితంలా ఉంది. కణుపుల దగ్గర పగుళ్ళు, రెండు మూడు చోట్ల నెత్తురు కారిన ఆనవాళ్ళు. మెల్లగా రెండు వేళ్ళతో గిల్లి పట్టుకుంటే సన్నటి గీతలు లేచి, వదిలాక కూడా కాసేపు అట్లాగే ఉండిపోయాయి.

“చలికాలంలో మొదలైంది. అప్పుడు ఊరికే మంట. ఇప్పుడు హారతి పళ్ళెం పట్టుకుంటే ఆ వేడికి కండ్లల్లో నీళ్ళు తిరుగుతాండాయి,” అన్నారాయన.

మిగతాది రంగనాయకమ్మ చెప్పింది. ఊళ్ళో జనం తీర్థం తీసుకుంటున్నారు, అది ఉద్ధరిణితో పోసేది కాబట్టి. ప్రసాదం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ‘ఆ పళ్ళెంలో పెట్టు స్వామీ, మేం తీసుకుంటాం’ అంటున్నారు. చేతులకు పెద్దరోగం వచ్చిందని ఎవరో అన్నారట. స్వామి కల్యాణానికి జమ్మలమడుగు నుంచి వేరే అర్చకుణ్ణి పిలిపిస్తారని కూడా మాట పుట్టింది.

“మా తాత, మా నాయన పూజ చేసిన గుడి అమ్మా అది. నన్ను మానుకోమంటే నేను యాడికి పోవల్ల?” అన్నారు వరదాచార్యులు. గొంతు పెంచలేదు. కిటికీ వైపు చూస్తూ అన్నారు.

భయం ఉన్నచోట ముందు పరీక్షలే మాట్లాడాలి. కళ్ళు మూసుకోమని, దూదితో, గుండుసూది మొనతో చేతుల మీద తాకాను. ప్రతి తాకిడీ చెప్పారు. జనం పెద్దరోగమనే కుష్ఠులో లాగా స్పర్శ పోయిన చోటు ఎక్కడా లేదు, మచ్చలు లేవు, నరాలు ఉబ్బలేదు. స్క్రాపింగ్ చేశాను, అంటే చర్మం పొట్టు గీకి మైక్రోస్కోప్ కింద చూడటం. తామర తెచ్చే ఫంగస్ లేదు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు చూపించారు. అందులో స్టెరాయిడ్ కలిసి ఉంది. పూసిన వారం తగ్గినట్టు కనపడి, మానగానే రెట్టింపు అయ్యేది అందుకే.

“చర్మం ఎండిపోయిందంటే నీళ్ళు బాగా తాగమన్నారు. బిందెలు బిందెలు తాగుతాండా,” అన్నారాయన.

“ఈ ఎండలకు నీళ్ళు తాగాల్సిందే స్వామీ. కానీ ఓటికుండలో ఎన్ని పోసినా నిలవవు గదా,” అన్నాను.

చర్మం పైపొరను మేం స్కిన్ బ్యారియర్ అంటాం. ఇటుకల మధ్య సున్నం ఉన్నట్టు, ఆ పొరలో కణాల మధ్య సన్నటి కొవ్వు ఉంటుంది. లోపలి తడిని పట్టి ఉంచేది అదే. అది కరిగిపోతే తడి గాలికి ఎగిరిపోతుంది. దాన్నే డీహైడ్రేటెడ్ స్కిన్ అంటాం. డ్రై స్కిన్ వేరు, అది చాలామందికి పుట్టుకతోనే నూనె తక్కువగా ఉండటం. ఇది మాత్రం ఎవరికైనా రావచ్చు, జిడ్డు ముఖం ఉన్నవాళ్ళకు కూడా.

మరి ఈయన చర్మంలో ఆ కొవ్వు ఎందుకు కరిగింది? పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తారో చెప్పమన్నాను. చన్నీళ్ళ స్నానాలు, చింతపండుతో ఇత్తడి సామాను తోమడం, అభిషేకం. అవన్నీ చిన్నప్పటి నుంచీ ఉన్నవే. కొత్తది ఒకటుంది. కరోనా వచ్చినప్పటి నుంచి, ఎవరు గుడికి వచ్చినా వాళ్ళ ముందే సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ వెంటనే శానిటైజర్ పూసుకుని, అప్పుడే ప్రసాదం ఇస్తున్నారు. శనివారాలు ఇక లెక్కే లేదు.

మట్టి అంటినప్పుడే సబ్బు వాడమని, మిగతా వేళ వట్టి నీళ్ళు చాలని, శానిటైజర్ పూర్తిగా మానమని చెప్పాను. సామాను తోమేటప్పుడు రబ్బరు గ్లౌజులు. కడిగిన ప్రతిసారీ చేతులు మెత్తటి గుడ్డతో అద్దుకుని, ఇంకా చెమ్మ ఉండగానే ఆయింట్‌మెంట్ రాయాలి. ఆ చెమ్మ మీద మూతలాగా పనిచేస్తుంది.

ఆయన తటపటాయించారు. “దాంట్లో జంతువుల కొవ్వు ఏమన్నా ఉంటాదా? స్వామిని తాకే చేతులు.”

పేరున్న క్రీము ఒకటి రాయబోతూ ఆగాను. అందులో ఉన్నవాటిలో రెండింటి మూలం ఏమిటో నాకే కచ్చితంగా తెలియదు. దాన్ని పక్కనపెట్టి, వైట్ సాఫ్ట్ పారాఫిన్, లిక్విడ్ పారాఫిన్ మాత్రమే ఉన్నది రాశాను. రెండూ భూమిలోంచి తీసే నూనె నుంచి వచ్చేవని చెప్పాను. అప్పుడు చీటీ తీసుకున్నారు.

రెండు వారాల తర్వాత మళ్ళీ వచ్చారు. అరచేతులు కాస్త మెత్తబడ్డాయి, వేళ్ళ పగుళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి. ఈసారి వెంట తెల్లపంచె పెద్దాయన ఒకరు వచ్చారు. గుడి ధర్మకర్త ఓబుళరెడ్డి. కూర్చోకుండానే అడిగారు.

“డాక్టరమ్మా, అంటుకునేదా, కాదా? అది చెప్పు సాలు.”

“అంటుకోదు పెద్దాయనా.”

“మరి ఎందుకు తగ్గల్యా?”

వరదాచార్యులు తల వంచుకున్నారు. శానిటైజర్ మానలేదని అర్థమైంది. “జనం ముందర పూసుకోకపోతే రెడ్డిగారు ఒప్పుకోరమ్మా,” అన్నారు చిన్నగా.

నేను నా గ్లౌజులు తీసేసి, ఆయన చేతులు నా చేతుల్లోకి తీసుకుని, ఒక్కో వేలికీ ఆయింట్‌మెంట్ రాశాను. రాస్తూ, శానిటైజర్ ఈ పగుళ్ళకు ఏం చేస్తుందో, పగిలిన చర్మంలోనే క్రిములు ఎట్లా చేరతాయో చెప్పాను. ఓబుళరెడ్డి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముందుకు వంగి ఆ చేతుల వంక చూశారు.

“నేనే చెప్పినా, అన్నిసార్లు పూసుకోవల్లని,” అన్నారు. “మా తమ్ముడు కరోనాలో పోయినాడు. యాడ అంటుకున్యాదో ఇప్పటికీ తెలీదు. గుడిలో ఎవురికీ అట్ల కాకూడదని చెప్పినా.”

వరదాచార్యులు ఆయన వైపు తిరిగారు. “ఆ సంగతి నాకు తెలుసు రెడ్డీ. అందుకే నొప్పైనా మానల్యా.”

ఆ గదిలో వైద్యం చేయాల్సింది ఒక్క జత చేతులకే కాదని అప్పుడు అర్థమైంది. తమ్ముడి గురించి అడిగాను. ఆయన చెప్పారు. బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నా తొందరపెట్టలేదు.

కల్యాణం రోజు జమ్మలమడుగులో పని చూసుకుని ఆ పల్లెకు వెళ్ళాను. అర్చకుడు వరదాచార్యులే. కొత్త చర్మం లేతగా, వేళ్ళ కొసల దగ్గర ఇంకా కాస్త ఎర్రగా ఉంది. ప్రసాదం వేళకు ఎవరూ ముందుకు రాలేదు. ఓబుళరెడ్డి లేచి వెళ్ళి దోసిలి పట్టారు. వరదాచార్యులు శానిటైజర్ పూసుకోకుండానే వట్టి చేత్తో పులిహోర పెట్టారు. రెడ్డి అక్కడే నిలబడి, అందరూ చూస్తుండగా తిన్నారు. వెనక వరుస కదిలింది.

ఎండిన చర్మం కనపడగానే ఇంతకుముందు నా చెయ్యి మందు చీటీ మీదికే పోయేది. ఇప్పుడు రెండు ప్రశ్నలు అడిగాకే రాస్తాను: రోజుకు ఎన్నిసార్లు కడుగుతున్నారు, ఎవరి కోసం కడుగుతున్నారు? మొదటిదానికి జవాబు వెంటనే చెబుతారు. రెండోదానికి కాస్త ఆగుతారు. ఆ ఆగినంతసేపూ నేనూ ఆగడం నేర్చుకున్నాను.