బతికున్నోడికి పెట్టిన శోకం

నా చేతుల మీద చెడిపోయినవి చానా ఉన్నయి. కానీ సముద్రాల అవతల హాయిగా తిని పండుకున్న మనిషికి ఇక్కడ పినపాక పక్కన చావు చేసినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే అయి ఉంట. చదివి నవ్వుకోండ్రి. నా కోడికూర సంగతి వచ్చినకాడ మాత్రం కాసేపు ఆగాలె, అది నవ్వే ముచ్చట కాదు. అప్పటికి నాకు అరవై దాటినయి. అంటే ఇంకా బుద్ధి కుదురుకోని వయసు.

మా తమ్ముడు వెంకటి హైదరాబాదుల పేపర్ల పనిచేసి రిటైర్ అయిండు. ఏం రాసేటోడంటే చెప్పుడు నాకు నామోషీ. రాజకీయం కాదు, పత్తి ధర కాదు. తెల్లోళ్లు గిటార్లు మెడకేసుకొని అరిచే పాటల గురించి రాసేటోడు. గా పనికి నెలనెలా జీతమిచ్చిండ్రంటే వాళ్ల కాడ పైసలు మూలుగుతున్నట్టే. ఆయన దోస్తు ప్రసాదుది విజయవాడ. ఇంకో పేపర్ల గదే పని. ఇద్దరికీ నెరిసిన జుట్టు నడుము దాకా ఉంటది. వెనక నుంచి చూస్తే తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటున్న అక్కచెల్లెండ్లే.

పాత పాటగాళ్ల కథలు ఒకరికొకరు చెప్పుకుంట, ఫోన్ల వినేటట్టు ప్రోగ్రాం చేస్తరు. పట్నంల హారన్ల మోత ఎక్కువని అడవి అంచున ఉన్న మా ఇంటికొచ్చిండ్రు. వెనక గది ఇచ్చిన. చప్పుడు రావద్దని కిటికీలకు నా దుప్పట్లు కట్టుకున్నరు. రికార్డింగు అయ్యేదాకా ఫ్యాను బంద్ పెడతరని, కరెంటు మిగులుతదని తెలిసినంక ఆ ప్రోగ్రాం మీద నాకు గౌరవం పుట్టింది.

ఆ ఆదివారం వాళ్ల కోసమే కోడిని కోసిన. మా ఇంట్ల కోడి ఊరికెనే చావదు. కూర ఉడుకుతుంటే బయటికొచ్చి చూస్తే, ప్రసాదు అరుగు మీద ఫోన్ పట్టుకొని కండ్లు తుడుచుకుంటున్నడు.

"ఏమైందయ్యా?"

"పోయారక్కయ్యా. ఇప్పుడే తెలిసింది."

"ఎవరు?"

"ఆయన లేకపోతే నేను లేను. నాకు అన్నం పెట్టిన మనిషి."

మొఖం అటు తిప్పుకున్నడు. ఏడ్చే మనిషిని గుచ్చి అడుగుడు మా దిక్కు లేదు. అన్నం పెట్టినోడంటే వాళ్ల పెద్దన్నే అయి ఉంటడనుకున్న. ఇంకొక్క మాట అడిగితే అయిపోయేది. మాటల కాడ కూడ పొదుపు చేసిన, గాడనే మునిగిన.

అంతల వెంకటి వచ్చి ప్రసాదు రెక్క పట్టుకున్నడు. "అక్కా, గదిల కూసుంటున్నం, ఎవరినీ రానియ్యకు. అందరికన్న ముందు మా ప్రోగ్రాం పోవాలె. సాయంత్రం దాకా పంపకపోతే ఇన్నేండ్ల పరువు గోదాట్ల కలుస్తది."

ఇంట్ల మనిషి పోయినోన్ని పనికి కూసోబెట్టిండు. నా తోడబుట్టినోడికి ఇంత రాతిగుండె ఎట్ల వచ్చిందా అనుకున్న.

చావు కబురు విన్నంక పొయ్యి మీది కూర తినొద్దు, అది మా అత్త పెట్టిన పద్ధతి. గిన్నె ఎత్తి పెరట్ల కుమ్మరించిన. వాడకట్టు కుక్కలు నన్ను చూసిన చూపుల అంత భక్తి ఎన్నడూ లేదు. తర్వాత స్నానాలకు నీళ్లు కాగబెట్టి ఈరమ్మను పిలిచిన. శోకం పెట్టుట్ల మా ఊర్ల ఈరమ్మ తర్వాతనే ఎవరైనా. ఇద్దరు కోడండ్లను ఎంటేసుకొని వచ్చి తలుపు కాడ కూసుంది. లోపలి మాటలు చిన్నగ వినబడుతున్నయి.

"హోటల్ గదిలో టీవీని కిటికీలోంచి కిందికి విసిరేశారు."

"నడిచే టీవీనేనా?" ఈరమ్మ నన్ను అడిగింది.

"గట్లనే ఉంది."

"పాపం, కలిగినోళ్లు."

"నాలుగు పెళ్లిళ్లు చేసుకున్నా ఒక్కరూ నిలవలేదు. ఓ రాత్రి స్టేజీ మీద తన గిటారు తనే తగలబెట్టుకున్నారు."

తమ్మునికి అన్నం పెట్టి పెంచినోడు టీవీలు ఇసిరేసుడేంది? గప్పుడన్న అనుమానం రావాలె. మీకు వచ్చే ఉంటది. నాకు రాలే.

లోపల ప్రసాదు గొంతు వణికి ఆగిపోయింది. ఈరమ్మకు గదే సైగ.

"ఓ నా కొడుకా, టీవీ పాయె, గిటారు కాలిపాయె, నలుగురు పెండ్లాలు నాలుగు దిక్కుల పాయిరి, ఇంత ముద్ద వండే దిక్కు లేక నువ్వెట్ల పోతివి కొడుకా..."

కోడండ్లు అందుకున్నరు. అడవిల నెమళ్లు కూడ అందుకున్నయి. వెంకటి తలుపు తీసిండు, ఎనకనే ప్రసాదు.

"అక్కా, ఏంది ఇది? ఎవరు పోయిండ్రు?"

"ప్రసాదు వాళ్లన్న."

"మా అన్నయ్యా? తెనాలిలో ఉన్నాడక్కయ్యా. పొద్దునే ఫోన్ చేసి తిట్టాడు కూడా."

"మరి అన్నం పెట్టినోడు?"

"పాటగాడు. ఆయన మీద రాసినందుకే కదా నాకు ఉద్యోగం ఇచ్చారు."

"ఆయన్ని కలిసినవా?"

"ఒకసారి ఎయిర్‌పోర్టులో దూరం నుంచి చూశాను."

"ఆయన నిన్ను చూసిండా?"

"లేదు."

ఈరమ్మ ముక్కు చీదుకుంది. "మరి ఆపాల్నా, అక్కా?"

వెంకటి తల పట్టుకొని కూలబడ్డడు. రికార్డింగు నిండ శోకమే, మళ్లీ మొదటి నుంచి చెప్పాలె. గప్పుడే ఫోన్ మోగింది. చూసి, నోరు తెరిచి, ప్రసాదుకు చూపించిండు. పాటగాడు పోలేదు. ఎవడో ఉత్తగ పుట్టించిన కబురు. ఆయన కుక్కను తిప్పుకుంట ఫొటో దిగి పెట్టిండు.

"అక్కా," అన్నడు వెంకటి, గొంతు తగ్గించి. "మీరు ఏడ్వకపోతే ఈపాటికి పంపేసేటోళ్లం. బతికున్నోన్ని చంపినందుకు మొఖం ఎత్తుకోలేకపోదుము."

"సంతోషం," అన్న. "ఆయన లేచిండు. నా కోడి లేస్తదా?"

ఆ పూట అందరం మామిడి తొక్కు పచ్చడితోనే తిన్నం. తర్వాత వారం వాళ్ల ప్రోగ్రాం ఈరమ్మ శోకంతోనే మొదలైందంట, విన్నోళ్లు మళ్లీ మళ్లీ పెట్టమన్నరంట. ఆ పాటగాడు నిజంగ పోయిన రోజు మళ్లీ రావాల్నని వెంకటి అడిగితే, ఈరమ్మ ఒప్పుకోలే. "నా వంతు అయిపోయింది, ఇంకోళ్లను చూసుకో" అంది.

ఇగ నేను పొయ్యి మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్న. పోయినోడి పేరు, ఊరు, చుట్టరికం తెలుసుకున్నంకనే కూర గిన్నె ముట్టుకుంట. శవం వేరే దేశంల ఉంటే ముందు కూర తింట, తర్వాత ఏడుస్త.