వెలుతురుకు చావనివాటిని చూపించిన సీతారత్నం గారు

డాక్టర్ సీతారత్నం గారు ఎందుకు చనిపోయారని మీకు చెప్పారు? దేవుణ్ణి నమ్మనందుకనా, లైటు వైద్యాన్ని ఎగతాళి చేసినందుకనా? అమలాపురం వీధుల్లో ఈ రెండు కథలూ తిరుగుతున్నాయి. మీరు ఏది నమ్మి ఎవరికి చేరవేశారు?

కాకినాడ ఆసుపత్రిలో ఆవిడ కన్నుమూశారని ఫోను వచ్చేసరికి నేను పి.గన్నవరంలో మా చెల్లెలి ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. కలిపిన ముద్ద కలిపినట్టే ఉండిపోయింది. ముందురోజు సాయంత్రమే మాట్లాడాను. "ఓపిక లేదు మాస్టారూ. మీరు మాట్లాడుతూ ఉండండి, నేను తప్పులు పడతాను" అన్నారు. అలాంటి మనిషి ఇక లేరన్న సంగతి ఇది రాస్తున్నప్పుడు కూడా నా బుద్ధికి ఎక్కడం లేదు.

మేమిద్దరం ఒకే కాలేజీలో ఉద్యోగం చేసి రిటైరయ్యాం. నేను చరిత్ర చెప్పేవాణ్ణి, ఆవిడ సూక్ష్మజీవశాస్త్రం. నేను హేతువాద సంఘంలో ఉన్నాను. ఆవిడ ఏ సంఘంలోనూ చేరలేదు. "సంఘంలో చేరితే మీవాళ్ల తప్పులు ఎవరు చెప్తారండీ?" అనేవారు. ప్రయోగశాలలో ఎవరైనా "బాక్టీరియా చచ్చిపోయింది మేడం" అంటే వెంటనే అడ్డుతగిలేవారు. "చచ్చిపోయిందనకండి. పెరగలేదనండి. రెండూ ఒకటి కాదు." ఆ మాట ఇప్పుడు ఈ ప్రాంతంలో ల్యాబులు నడుపుతున్న ఎందరి నోటనో వింటాను.

ఆవిడ పరిశోధన అంతా కాంతి గురించే. ఒక రంగు పదార్థాన్ని పుండు మీద పూసి, దానికి తగిన వెలుతురు వేస్తే, ఆ రంగు వెలుతురును పీల్చుకుని దగ్గరున్న ఆక్సిజన్‌ను రెచ్చగొడుతుంది. రెచ్చిన ఆక్సిజన్ బాక్టీరియాను కాల్చేస్తుంది. స్టాఫ్ రూములో ఇది విని "బ్రహ్మాండం కదా!" అన్నాను.

"బ్రహ్మాండమేనండీ. కానీ అవతలివాడు చేతులు కట్టుకుని కూర్చోడు కదా" అని నవ్వారు.

కాసేపట్లో ఆ నవ్వు పాఠమైంది. బాక్టీరియా గుంపు కట్టి, చుట్టూ జిగురు అల్లుకుంటే ఆ జిగురులోకి రంగూ సరిగ్గా దిగదు, వెలుతురూ దిగదు. కొన్ని రకాలకు ఒంటిమీద అదనంగా మరో పొర ఉంటుంది. రంగు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. లోపలికి వచ్చిన రంగును తోడి బయట పోసేవీ ఉన్నాయి, రెచ్చిన ఆక్సిజన్‌ను చల్లార్చే ఎంజైములు తయారుచేసుకునేవీ ఉన్నాయి. చీములో తరచూ కనబడే ఒక రకానికి ఒంట్లోనే బంగారు రంగు ఉంటుంది. ఆ రంగే దానికి గొడుగు. "అరకొరగా కాల్చి వదిలేస్తే, మిగిలినవి తర్వాతి దెబ్బకి కాచుకుని ఉంటాయండీ." మందులకు లొంగనితనం పాకినట్టు ఇదీ తరతరాలకు పాకుతుందా అని అడిగాను. "అంత సులువుగా పాకినట్టు కనబడలేదు. కనబడలేదన్నాను మాస్టారూ, లేదనలేదు."

కొన్నాళ్లకు మన పట్టణంలోనే ఒక లైటు క్లినిక్ వెలిసింది. నీలి దీపం కింద కాలు పెడితే ఎంతటి పుండైనా మానుతుందని ఆటోలకు బోర్డులు కట్టి తిప్పారు. అల్లవరం, కాట్రేనికోనల నుంచి రొయ్యల చెరువుల్లో పనిచేసి కాళ్లు కోసుకున్నవాళ్లు, షుగరు జబ్బు పుళ్లవాళ్లు బారులు తీరారు. మనవాళ్లకు ఒక పట్టుదల ఉంది కదా, పుండుకు నీళ్లు తగలకూడదని. కొబ్బరినూనెలో పసుపు కలిపి మెత్తి, ఆ పట్టు తియ్యకుండానే వచ్చేవారు. తీస్తే వచ్చినవాళ్లు నొచ్చుకుంటారని క్లినిక్‌వాళ్లు పట్టు మీదే దీపం వేసేవారు.

దీనిపై మా సంఘం చర్చ పెట్టింది. కొత్తపేట నుంచి వచ్చిన ఒక కొబ్బరితోటల ఆసామి లేచి, "పసుపులో లైటుని పట్టే గుణం ఉందని విదేశాలవాళ్లే ఒప్పుకున్నారండీ. మన పెద్దలకి ఎప్పుడో తెలుసు!" అన్నారు. మావాళ్లు ఊరుకుంటారా? "పసుపు కూరలో వేసుకోండి, పుండు మీద కాదు" అని అరిచారు. గంటసేపు కేకలు. అప్పుడు సీతారత్నం గారు లేచారు.

"ఆయన చెప్పింది సగం నిజమండీ. పసుపులో ఉన్న పదార్థం మీద నీలి వెలుతురు పడితే కొన్ని బాక్టీరియాలు పెరగవు. నేను ల్యాబులో చూసేను."

ఆసామి పక్షం చప్పట్లు మోగించింది.

"ఆగండాగండి, చప్పట్లు దాచుకోండి. ఆ పదార్థం తాకితేనే అవి పెరగవు. మీరు నూనెలో కలిపి పిడకలా మెత్తేరు. కింద జిగురు, దాని మీద చీము, ఆపైన పసుపు. లైటు దేని మీద పడిందండీ? మీ పసుపు మీద పడింది."

ఈసారి మావాళ్లు ఈలలు వేశారు. ఆవిడ ఇటు తిరిగారు. "మీరెందుకు నవ్వుతున్నారు? పెద్దలకి తెలుసని వాళ్లూ, పసుపు దండగని మీరూ. ఇంతమందిలో ఆ పుండు కడగమన్నవాళ్లు ఒక్కరున్నారా?"

ఆ వెంటనే ముందు వరసలో ఉన్న క్లినిక్ డాక్టరు వైపు చూసి అడిగారు. "లైటుకి ముందోసారి, తర్వాతోసారి చీము తీసి పంపండి డాక్టరు గారూ. డబ్బులక్కర్లేదు, నేను పరీక్ష చేసిపెడతాను."

"ఆయ్, చూద్దామండీ."

"ఎప్పుడు చూద్దామండీ?"

ఒక్క నమూనా రాలేదు. హాలులో చప్పట్లు కొట్టిన మనలో కూడా ఎవరూ పంపలేదు.

ఈ వానాకాలంలో అల్లవరం దగ్గర పరీక్షకు చెరువు నీళ్లు పట్టుకోవడానికి దిగినప్పుడు ఆవిడ కాలి వేలి పక్కన రొయ్య ముల్లు గుచ్చుకుంది. ఎన్నో ఏళ్లుగా షుగరు. కాలు వాచింది. ఆవిడతో ఉంటున్న మేనకోడలు శ్రీదేవి పెద్దాసుపత్రికి పోదామని బతిమాలింది. ఆవిడ నేరుగా లైటు క్లినిక్‌కు వెళ్లి, "అందరికీ చేసినట్టే నాకూ చెయ్యండి" అని కాలు చాపారు. వాళ్లు పుండు కడగలేదు. దీపానికి ముందు చీము తానే తీసుకున్నారు, తర్వాతా తీసుకున్నారు. మధ్యలో మానేస్తే కోర్సు పూర్తికాలేదని తప్పించుకుంటారని మళ్లీ మళ్లీ వెళ్లారు. మందు వేసుకుంటే ఏది పనిచేసిందో తేలదని, అది అయ్యేదాకా యాంటీబయాటిక్ ముట్టలేదు.

తెలిసి ఫోను చేశాను. "మేడం గారూ, ఇది పిచ్చిపని."

"రుజువేది, రుజువేది అని సభల్లో అరుస్తారు కదా మాస్టారూ. అదెక్కణ్ణుంచొస్తుందనుకున్నారు?"



దీపానికి ముందు తీసిన చీములో బాక్టీరియా ఎంత పెరిగిందో, తర్వాత తీసినదాంట్లోనూ ఇంచుమించు అంతే పెరిగింది. అవి పెంచిన గాజు పళ్లేలు పట్టుకుని క్లినిక్‌కు వెళితే డాక్టరు "మీకు షుగరెక్కువండీ" అన్నారు. అప్పటికే ఒళ్లు కాలిపోతోంది. కాకినాడ చేరేసరికి విషం రక్తానికి ఎక్కింది. ముందే వస్తే బతికేవారా అని అక్కడి వైద్యుణ్ణి అడిగాను. బతికే అవకాశం ఉండేదని, కచ్చితంగా చెప్పలేనని అన్నారు.

నేను దండ తీసుకుని వెళితే శ్రీదేవి గుమ్మంలోనే ఆపేసింది. "ఆఖరికి పుండుని కూడా పాఠం చేసేసేరండీ. మీరంతా వచ్చి దండలేస్తారు, గొప్ప మనిషంటారు. నాకు మా అత్తయ్య కావాలండీ." దండతోనే వెనక్కి వచ్చేశాను.

నేను దీన్ని త్యాగం అనను. అంటే ఆవిడే ఒప్పుకోరు. ఇది తప్పు. విద్యార్థి ఒకే ఒక్క నమూనా తెచ్చి ఫలితం రాస్తే కాగితం వెనక్కి విసిరే మనిషి, తన ఒక్క కాలిని నమూనాగా పెట్టారు. ఒక్క కాలు లైటు వైద్యం మొత్తాన్ని కొట్టిపారెయ్యదని ఆవిడకు తెలుసు. సరిగా కడిగి, సరైన రంగుతో, సరైన మోతాదులో వేసే కాంతికి రేపు మంచి చోటు ఉంటుందనే నమ్మారు కూడా. మరెందుకు చేశారు? ఇన్నేళ్లూ ఎవరూ ఒక్క నమూనా కూడా ఇవ్వలేదు కనక. దేవుడు శిక్షించాడన్న కథా, లైటును అవమానించిందన్న కథా, ఆఖరికి మావాళ్లు మొదలుపెట్టిన 'సైన్సు వీరవనిత' కథా, ఈ మూడూ మన చేతులు దులుపుకోవడానికే పుట్టాయి.

ఉభయ పక్షాలనూ ఒకే నోట చీవాట్లు పెట్టి, ఇద్దరిచేతా ఇంట్లో కాఫీ తాగించగలిగిన మనిషి ఈ సీమలో ఇంకొకరు నాకు కనబడటం లేదు. నా వ్యాసాల్లో తప్పులు ఇకమీద తప్పుల్లాగే అచ్చవుతాయి.

సంతాప సభ పెట్టకండి, నేను రాను. మీ ఇంట్లో, మీ వీధిలో పుండుతో ఉన్నవాళ్ల దగ్గరికి ఇవాళే వెళ్లండి. పట్టు విప్పించి శుభ్రంగా కడిగించండి, మందులిచ్చే ఆసుపత్రికి వెంటబెట్టుకుని తీసుకెళ్లండి. ఎవరైనా దీపం వేస్తామంటే, ముందూ తర్వాతా చీము పరీక్షకు పంపమని గట్టిగా అడగండి. పంపేది లేదంటే, కాలు కిందికి దించి లేచి వచ్చేయండి.