భోజనానికి ముందు సంతాపసభ

నా భార్య పోయి అప్పటికి పది నెలలు. పదకొండేళ్ళ మా అమ్మాయి అవసరానికి తప్ప మాట్లాడటం మానేసింది. అడిగింది మాత్రం ఒక్కటే: కర్నూలు దగ్గరున్న ఇంటర్నేషనల్ బడిలో చేరి, హాస్టల్లో ఉంటానని. ఆ దరఖాస్తు వాళ్ళమ్మ తెప్పించి పెట్టినది.

ఒకప్పుడు క్రైస్తవ మిషనరీలు తమ పిల్లల కోసం పెట్టుకున్న బడి అది. ఇప్పుడు మిషనరీలు లేరు. కొరియా పిల్లలున్నారు, హైదరాబాదు డాక్టర్ల పిల్లలున్నారు. మైదుకూరులో బట్టల అంగడి నడిపే మా నాన్నకు మాత్రం అది ఇంకా దొరల బడే.

"ఆడ చేర్చినావంటే ఆర్నెల్లకు గుడ్డు తింటాది, ఏడాదికి మతం మారతాది" అన్నాడు.

మతం కంటే గుడ్డు ముందు వచ్చింది. అయినా చూసి చెబుతానని మాతో బయలుదేరాడు. ఆయన వద్దంటే మా ఇంట్లో ఏదీ జరగదు. నాకు నలభై రెండేళ్ళు.

ప్రిన్సిపాల్ మలయాళీ, కొత్తగా వచ్చాడు, తెలుగు రాదు. పొద్దున ఆయన అడిగిన ప్రశ్నలన్నిటికీ అమ్మాయి బల్లను చూస్తూ ఊరుకుంది. ఇంగ్లీషు రాక కాదు.

"ఇంత మౌనంగా ఉండే పిల్ల హాస్టల్లో ఇబ్బంది పడుతుందేమో. భోంచేశాక చూద్దాం" అన్నాడు నాతో.

భోజనాల హాల్లో గోడకు బడి పెట్టిన దొర పటం ఉంది, పెద్ద గడ్డంతో. గంట కొట్టగానే పిల్లలందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. అది తినేముందు చేసే ప్రార్థన అని నేను చెప్పేలోపు నాన్న లేచి, చేతులు కట్టుకుని, తల వంచి నిలబడ్డాడు.

ఆయన మా ఊరి వర్తక సంఘానికి అధ్యక్షుడు. ఎవరు పోయినా అంగళ్ళ షట్టర్లు సగం దించి, రెండు నిమిషాలు మౌనంగా నిలబడతారు. తర్వాత పోయినవాళ్ళ గురించి నాలుగు ముక్కలు చెప్పడం అధ్యక్షుడి పని. నా భార్య పోయినప్పుడు మాత్రం ఆయన మైకు పట్టుకుని కాసేపు నిలబడి, కూర్చుండిపోయాడు.

పిల్లలు "ఆమెన్" అన్నారు. నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఈయప్ప శానా మంచోడు" అన్నాడు పటం వైపు చెయ్యి చూపిస్తూ. "కష్టజీవి. ఎవురినీ ఒక మాట అనింది లేదు. ఈయన లేని లోటు ఈ బడికి తీరేది కాదు. ఆ ఇంటోళ్ళకు దేవుడు ధైర్యమియ్యాల."

చెంచాలు ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపు మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది.

"మీ బడి పెట్టినాయన గురించి మంచిగా చెబుతున్నారు సర్."

"ఆయన ఈయనకెలా తెలుసు? పోయి వందేళ్ళయింది."

అమ్మాయి తాత వైపు తిరిగింది. "జేజినాయనా, ఆయప్ప పోయి నూరేండ్లయిందంట. నీకెట్ల తెల్సు అంటాండారు."

నాన్న తగ్గలేదు. "తెల్సినోళ్ళ గురించి ఇంత బాగా చెప్పేకి రాదు పాపా."

"ఆయనంటే చాలా గౌరవమట" అని అమ్మాయి ప్రిన్సిపాల్‌కు చెప్పింది.

నాన్న కూర్చుని వడ్డన వైపు చూశాడు. "గుడ్డు కూరలో పెట్టిన గంటెతోనే పప్పు పోస్తాండారు, చూసినావా?"

"వడ్డన శ్రద్ధగా ఉందంటున్నారు సర్."

పది నెలల్లో ఆ పిల్ల నోట అన్ని మాటలు నేను వినలేదు. తినడం మానేసి వింటూ కూర్చున్నాను.

ప్రిన్సిపాల్ నవ్వాడు. "నీకు మాటలు బాగానే వచ్చు. సీటివ్వడానికి నాకు అభ్యంతరం లేదు. మీ తాతగారికి ఇష్టమేనా, అడుగు. ఆయన వద్దంటే నేను చేర్చుకోను."

అమ్మాయి అడిగింది. "జేజినాయనా, నీ మాదిరి మాట్లాడేటోళ్ళను ఈడ ఎప్పుడూ చూడలేదంట. నీ మొగం చూసి సీటు ఇచ్చేసినారంట. వద్దంటే ఆ సారు నొచ్చుకుంటాడంట."

నాన్న భుజం మీద కండువా సర్దుకున్నాడు. "అంత మాటన్న్యాక కాదంటే మర్యాదేనా. సరే అని చెప్పు."

"సరేనన్నారు సర్."

ప్రిన్సిపాల్ లేచి నాన్నకు చెయ్యి అందించాడు. తర్వాత నేనేమైనా అంటానేమోనని నా వైపు చూశాడు. అమ్మాయి కూడా చూసింది. ఆ బల్ల దగ్గర రెండు వైపుల మాటలూ అర్థమైనది మా ఇద్దరికే.

నేను అన్నంలో పెరుగు కలుపుకున్నాను.